డాక్టరుగారి కారు వెనక తలుపు

ఆ కారు తలుపులోకి నీళ్లు రానిచ్చింది డ్రైవరు కాదు, నేను. ఈ ఒక్క మాట అనడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. సికింద్రాబాదు మెకానిక్కుల్లో ఈ సంగతి ఇప్పటికీ వేరే రకంగానే చెప్పుకుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పటికి నాకు నలభై దాటాయి. రాంగోపాల్‌పేట్‌లో కార్ల బాడీ పని చేసేవాణ్ణి. మా షెడ్డుకు రెండు వీధుల అవతల ఒక డాక్టరుగారి ఇల్లు ఉండేది. ఆయన పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయన భార్య, ఆయన కారు, ఆ కారు నడిపే మనిషి. అమ్మగారిది కోస్తా వైపు క్రైస్తవ కుటుంబం. బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి మానుకున్నారు. డ్రైవరు మెట్టుగూడ ముస్లిం. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది తెలుగే. కారు ఇంగ్లండు నుంచి దిగిన పాత నల్ల కారు. డాక్టరుగారు ఉన్నప్పుడు ఎలా మెరిసేదో అలాగే మెరవాలని అమ్మగారి పట్టుదల.

పోలీసు చర్య జరిగిన ఆ ఏడాదే, తొలకరి పడుతుండగా, డ్రైవరు కారును నా దగ్గరికి తెచ్చాడు. ముందు నుంచి వెనక దాకా తలుపుల మీదుగా ఒక మెరుపు పట్టీ ఉంటుంది. మేం బీడింగు అంటాం. దాన్ని పట్టుకునే క్లిప్పులు తుప్పుపట్టి విరిగాయి. పట్టీ టపటపా కొట్టుకుంటోంది.

"మేస్త్రీ, జెర జల్ది చెయ్యి. గిది ఊడి రోడ్డు మీద పడ్డదనుకో, అమ్మగారు నన్ను సుత ఊడబీకుతది," అని నవ్వాడు.

"నువ్వు ఊడితే ఆమెను చర్చికి ఎవరు తీస్కపోతరు భాయ్?" అన్నాను.

క్లిప్పు కాలు తలుపు రేకులో ఉన్న రంధ్రంలోకి దిగుతుంది. ఆ కాలు చుట్టూ పుట్టీ పెట్టి నొక్కాలి. లేకపోతే వాననీరు రంధ్రంలోంచి తలుపు లోపలి ఖాళీలోకి, అంటే బోలులోకి, పోతుంది. పట్టీ బిగించాక ఆ పుట్టీ ఉందో లేదో ఎవరికీ కనిపించదు.

నిజాం సంస్థానంలోకి బయటి సరుకు ఆగిపోయిన రోజులవి. పెట్రోలు కరువు, రబ్బరు కరువు, పుట్టీ అసలే లేదు. అమ్మగారు కంటోన్మెంటులో ఎవరినో అడిగి ఒక డబ్బా సంపాదించి పంపారు. ముందు తలుపులకు అదే పెట్టాను. మిగతాది ఇంటికి తీసుకుపోయాను. మా ఆవిడ పచ్చి బాలింత. కప్పు రేకుల మేకుల దగ్గర నుంచి చుక్కలు తిన్నగా మంచం మీద పడుతుంటే, ఆ మేకుల చుట్టూ పూశాను.

వెనక తలుపులకు సబ్బు పెట్టాను. పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు మెత్తగా పిసికి అద్దడం మా షెడ్డులో అలవాటు. పెట్రోలుకు సబ్బు కరగదు. నీళ్లకు కరుగుతుందని నాకు తెలుసు. నాలుగు రోజుల్లో పుట్టీ దొరికితే మారుద్దామనుకున్నాను. దొరకలేదు. అది మనసులోంచే పోయింది.

ఆ తర్వాత పెట్రోలు పూర్తిగా కరువై కారు ఇంటి ముందే నిలిచిపోయింది. పోర్టికో చిన్నది. కారు వెనక సగం వానలోనే ఉండేది. ఇళ్లు సోదా చేస్తున్నారని, తగలబెడుతున్నారని రోజుకొక పుకారు. అమ్మగారు భయపడి, ఇంటి కాగితాలు కారులో దాచమని డ్రైవరుకు చెప్పారు. వెనక ఎడమ తలుపు లోపలి అట్ట విప్పి, కాగితాలను తువ్వాలులో చుట్టి, బోలులో పెట్టి, మళ్లీ అట్ట బిగించాడు. ఈ సంగతి వాళ్లిద్దరికి తప్ప మరెవరికీ తెలియదు.

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. ఊరు కాస్త కుదుటపడ్డాక, ఇల్లు తనదేనని అమ్మగారు సర్కారు కచేరీలో చూపించాల్సి వచ్చింది. అట్ట స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయి డ్రైవరుకు రాలేదు. నన్ను పిలిపించారు.

స్క్రూలు తీసి అట్ట లాగగానే నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి సన్నని చిల్లులుంటాయి. ఆ మూట వాటి మీదే కూర్చుని మూసేసింది. మూట బయటికి తీశాను. చేతిలో జారుతోంది. తువ్వాలు విప్పితే కాగితాలు లేవు, తెల్లటి ముద్ద ఉంది. నా వేళ్ల మధ్య నురగ. ఆ నురగ చూడగానే నేను పెట్టిన సబ్బు గుర్తుకొచ్చింది.

అమ్మగారు ముద్దను ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "సబ్బు వాసన!" అన్నారు. డ్రైవరు వైపు తిరిగారు. "లోపల కాగితాలున్నాయని తెలిసి కూడా సబ్బునీళ్లు కుమ్మరించి కడిగావా?"

"లేదమ్మా! ఉత్త నీళ్లతోనే తుడుస్త. సబ్బు పెడ్తే రంగు పోతదని అయ్యగారే చెప్పిండ్రు. సబ్బు యాడికెళ్లి వచ్చిందో నాకే సమజైతలేదు."

గోడ అవతల నుంచి చూస్తున్న పక్కింటాయన అందుకున్నాడు. "ఈ రోజుల్లో ఇంకా వీళ్లను నమ్ముతారేంటండీ? కావాలనే చేసుంటాడు."

అంతకు రెండు నెలల ముందు, నిజాం పాలనలో అయితే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు. అమ్మగారు ఆయన్ను వారించలేదు. డ్రైవరు నా వైపు చూశాడు.

"మేస్త్రీ, నువ్వు చెప్పు. నీళ్లు లోపటికి ఎట్ల పోతయి?"

నన్ను పట్టివ్వాల్సిన నురగ అతన్ని పట్టిచ్చింది. నేను నోరు మూసుకుని ఉన్నా కొంత నయంగా ఉండేది.

"కడిగినప్పుడు అద్దం సందులోంచి పోయుండొచ్చు," అన్నాను.

అతను తాళంచెవి బానెట్ మీద పెట్టి గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ వారమే కారు బాగుచేయమని అమ్మగారు నాకే పంపారు. సబ్బు గీకి, పుట్టీ పెట్టి, పట్టీ బిగించాను. కచేరీ చుట్టూ ఏడాది తిరిగి ఆవిడ కాగితాల నకళ్లు తెచ్చుకున్నారు. ఇల్లు నిలబడింది. డ్రైవరును మాత్రం మళ్లీ పిలవలేదు.

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలుస్తుందని అందరూ మాట్లాడుకుంటున్న ఈ మధ్య, మెట్టుగూడలో కట్టెల అడితికి వెళ్లాను. అక్కడ కట్టెలు తూకం వేస్తున్నది అతనే. గడ్డం నెరిసింది. అడితిలో లారీ ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవరు దొరకడం లేదని యజమాని విసుక్కుంటున్నాడు.

"ఈయనకు డ్రైవింగు వచ్చు కద," అన్నాను.

"వస్తే ఏంది? డాక్టరమ్మ కారు కరాబు చేసిండని ఊరంత ఎరికే. తాళం ఎట్ల ఇస్త?" అన్నాడు యజమాని, అతని ముందే. అతను తల ఎత్తకుండా తూకం రాళ్లు మార్చాడు.

ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క పూట అతని వెంట ఇలా తిరుగుతోందని నాకు తెలియదు. నిజానికి, తెలుసుకోకుండా నేనే తప్పించుకు తిరిగాను. అతన్ని పక్కకు పిలిచి అంతా చెప్పాను. అతను కట్టెల కుప్ప మీద కూలబడ్డాడు.

"నేనే పాగల్ అయిన్ననుకున్న," అన్నాడు. "నిద్రల సబ్బుతోటి కడిగిన్నా ఏందని ఎన్నిసార్లు సోచాయించిన్నో. అమ్మగారికి చెప్పినవా?"

"లేదు."

"మరి నాకు చెప్పి ఏం ఫాయిదా? నడువు."

మర్నాడు పొద్దున్నే అమ్మగారి ఇంటికి వెళ్లాం. అతను గేటు లోపలికి రానన్నాడు. నేను వరండాలో నిలబడి అమ్మగారికి చెప్పాను. పుట్టీ ఇంటికి పట్టుకెళ్లింది, సబ్బు పెట్టింది, ఆ రోజు అబద్ధం ఆడింది, ఏదీ దాచలేదు. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా నడిచారు. అతను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ గేటు బార్లా తీసి పట్టుకున్నారు.

పక్కింటి వాళ్లు గోడ దగ్గరికి వచ్చారు. వాళ్లందరికీ వినపడేలా అన్నాను:

"భాయ్, తప్పు నాది. ఆ రోజు నువ్వు నన్నే అడిగినవ్, నేను నీ మొఖం చూసుకుంటనే అబద్ధం ఆడిన. నీ పేరు ఖరాబు చేసింది నేనే. నన్ను మాఫ్ చెయ్యి."