ముక్కబండల నేల

మొన్న మా వీధిలో ఎవరో కొత్తింటి నేలకు పాలిష్ పట్టిస్తుంటే తడిసిన బండపొడి వాసన వచ్చింది. నా చిన్నప్పుడు బేతంచెర్లలో మా అమ్మ చీర వాసన అదే.

అమ్మ బండల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆదివారం సాయంత్రం మాత్రం టీవీ ముందు నుంచి కదిలేది కాదు. అప్పుడొచ్చే ఒక కార్యక్రమంలో కష్టాల్లో ఉన్నవాళ్లను పిలిచి ఇల్లో, కుట్టుమిషనో ఇచ్చేవాళ్లు. తీసుకునేవాళ్లు ఏడ్చేవాళ్లు, వాళ్లను చూసి అమ్మా ఏడ్చేది. ఏడిస్తేనే ఇస్తారని నేననుకున్నాను. మాది మట్టినేల. వానొస్తే చెమ్మెక్కి చాప తడిసిపోయేది.

"అమ్మా, మనం గూడా టీవీలోకి పోయి బండల నేల అడుగుదాం. నువ్వు బాగా ఏడుస్తావు గదా!" అన్నాను.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నన్ను వింతగా చూసింది. "మనకేం తక్కువయిందే? పాపం, వాళ్లకు శానా కష్టముండాది. నేల కావల్లంటే నేనే పరుస్తా."

మరునాటి నుంచే ఓనరును అడిగి, పారేసే ముక్కబండలు నెత్తిన పెట్టుకుని తేవడం మొదలుపెట్టింది. ఒకటి నలుపు, ఒకటి పసుపు, ఏదీ ఇంకోదానికి అతకదు. అయినా వానలు పడేలోగా గదంతా తనే పరిచింది.

ఆ చల్లటి నేల మీద మేం కూర్చున్న మొదటి ఆదివారం, టీవీలో ఎవరికో ఇల్లొచ్చింది. వేసవంతా బండలు మోసినా తడవని అమ్మ కళ్లు, ముక్కూ మొహం తెలియని ఆ మనిషి కోసం మళ్లీ తడిశాయి.