మోకు నాది

మొన్న మా మనవరాలు విశాఖలో సముద్రం మీద ఎగిరొచ్చి ఫోనులో బొమ్మలు చూపించింది. పారాసెయిలింగ్ అట. ఒంటికి పట్టీలు, నెత్తిన గొడుగు, ముందు లాగే మోటారు పడవ, చుట్టూ నలుగురు సాయం. కాలు తడవకుండా దింపారట. "నువ్వయితే కళ్లు తిరిగి పడిపోదువు తాతయ్యా" అంది. వారం రోజులు లోలోపల ఉడికి, ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను.

ఇది యాభైల నాటి సంగతి. మాది కొల్లేటి లంక. నాన్నకి ఒక సరుకు పడవ ఉండేది. పెదపాడు వైపు ధాన్యం ఎత్తుకుని ఏలూరు కాలవ మీద తాడేపల్లిగూడెం రైసుమిల్లుకి చేర్చేవాళ్లం. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్లం. ఎదురైతే నేను గట్టెక్కి, ఛాతీకి పట్టీ తగిలించుకుని, ముప్పై బారల మోకుతో పడవని లాగాలి. పద్నాలుగో ఏట నుంచీ అదే పని. బడి ఐదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద నేర్చుకున్నదే. నాకు ఉన్న కోరిక ఒక్కటే, మోటారు తోలడం నేర్చుకోవాలని. స్టీరింగు చేతికొస్తే ఛాతీ మీద ఆ పట్టీ వదులుతుంది.

మిల్లు యజమానికి కొత్తల్లుడు వచ్చాడు. మద్రాసులో ఇంజనీరింగు చదివాడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. యుద్ధకాలంలో గూడెం పక్కన విమానాల కోసం వేసిన రన్‌వే అప్పటికి ఖాళీగా పడి ఉంది. ఊళ్లోవాళ్లు దాని మీద వడ్లు ఎండబోసుకునేవారు. ఆ కాంక్రీటుకి అంతకన్నా మంచి ఉపయోగం నాకు ఇప్పటికీ తోచదు. అల్లుడుగారు ఎక్కడో మిలిటరీ వేలంలో పాత పారాచూట్ ఒకటి కొన్నాడు. దాన్ని మామగారి జీపుకి కట్టించి, తాను గాల్లోకి లేచి, అత్తారి ఊరిని అబ్బురపరచాలని ఆయన ఆలోచన. ఏలూరు నుంచి కెమెరా ఉన్న స్నేహితుణ్ణి కూడా రప్పించాడు. అన్నీ అమిరాయి, తాడు తప్ప. అప్పుడు మిల్లు రేవులో మా పడవ కంటబడింది.

"ఏమోయ్, ఆ తాడు ఒక పూట ఇస్తావా?"

"మోకుతో పాటు నేనూ వస్తానండి" అన్నాను. పడవ మోకుని మేం పరాయి చేతికి వదలం.

రన్‌వే మీద ఆయన గాలిని వీపు వైపు పెట్టుకుని నిలబడ్డాడు. చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అల్లుడుగారండీ, జీపు అటు కాదండి. గాలికి ఎదురు పోవాలండి."

"వెనకనుంచి గాలి తోస్తే వేగం పెరుగుతుందోయ్. నీ పడవ అలాగే కదా పోయేది?"

"పడవ ముందుకి పోవాలండి. తమరు పైకి పోవాలి కదండీ. గాలిపటం ఎటు పరిగెత్తి ఎగరేస్తారండి?"

ఆయన కెమెరా స్నేహితుడి వైపు తిరిగి, "ఇతగాడు నాకు గాలి పాఠం చెబుతున్నాడు" అని నవ్వాడు.

జీపు కదిలింది. గాలికి గుడ్డంతా ముందుకి కొట్టుకొచ్చి ఆయన నెత్తిన ముసుగులా పడింది. సిల్కు చొక్కా, మద్రాసు చదువు, రెండు మోకాళ్లు, అన్నీ కలిసి కాంక్రీటు మీద ఇరవై గజాలు గీరుకుంటూ పోయాయి. డ్రైవరు గభాల్న ఆపాడు.

ఆయన దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "అంత తెలిసినవాడివి, నువ్వే ఎక్కు. నువ్వు పైకి లేచావంటే నీకు జీపు తోలడం నేనే నేర్పిస్తాను." మామగారు విన్నారు. డ్రైవరూ విన్నాడు.

పట్టీలు బిగించుకున్నాను. ఛాతీకి పట్టీ నాకేం కొత్త కాదు. జీపుని గాలికి ఎదురు తిప్పించాను. ఇద్దరు మిల్లు కూలీలు వెనక గుడ్డ అంచులు ఎత్తి పట్టుకున్నారు. నాలుగు అంగలు పరిగెత్తాను. అయిదో అంగ వేయడానికి కింద నేల లేదు.

భయం వేయలేదంటే అబద్ధం. తాడిచెట్టంత ఎత్తు లేచాను. పైనుంచి కొల్లేరు కనబడిందా అని తర్వాత చాలామంది అడిగారు. గూడెంలో తాడిచెట్టెత్తున వేలాడేవాడికి కొల్లేరు ఎక్కడ కనబడుతుంది? మిల్లు గొట్టం, తాటిగెలలు, ఎండబోసిన వడ్లు మేస్తున్న ఎవరిదో ఆవు కనబడ్డాయి. ఒక్కటి మాత్రం అక్కడ తెలిసింది. ఆరేళ్లుగా ఆ మోకుకి ఆ చివర పడవ, ఈ చివర నేను. లాగేది ఎప్పుడూ నేనే. ఆ పూట అదే మోకు నన్ను లాగింది. నేను చేతులు కట్టుకుని ఊరికే ఉంటే చాలు. మిల్లు యజమానులకి ఈ సుఖం రోజూ ఉంటుందని అప్పుడు అర్థమైంది.

జీపు నెమ్మదించాక మెల్లగా దిగి, మోకాళ్ల మీద కూలబడ్డాను.

"చూశారా మామగారూ, పనిచేస్తుందని నేను ముందే చెప్పలా?" అంటున్నాడు అల్లుడుగారు. అంటూనే నా ఒంటి మీది పట్టీలు విప్పించి తాను తగిలించుకుంటున్నాడు. కెమెరాని సిద్ధంగా ఉండమన్నాడు.

"జీపు ఎప్పటినుంచి నేర్పిస్తారండి?" అని అడిగాను.

"పడవలాగే చేతులకి స్టీరింగా? ముందు జీపు కడగడం నేర్చుకో. ఓ ఏడాది కడిగాక చూద్దాం."

మామగారు నవ్వారు. కెమెరా ఆయన నవ్వాడు. డ్రైవరు నేల చూశాడు.

నేను జీపు దగ్గరికి వెళ్లి, నేను వేసిన ముడి నేనే విప్పాను. అల్లుడుగారి పట్టీల దగ్గర రెండో ముడీ విప్పాను. ముడి సరిచేస్తున్నాననుకుని ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. మోకు చుట్ట చుట్టి భుజాన వేసుకుని నడిచాను. వెనక కూలీలు ఎత్తి పట్టుకున్న గుడ్డ గాలికి టపటప కొట్టుకుంటోంది.

"ఏమోయ్, తాడు" అన్నాడు. నేను నడుస్తూనే ఉన్నాను. కాసేపటికి "ఏమయ్యా, ఆగవయ్యా" అయింది. ఇంకాస్త దూరం పోయాక "బాబూ, ఒక్క మాట" అయింది. రన్‌వే చివరకి వచ్చేసరికి "ఏవండీ" అని కూడా వినబడింది. నేను తిరిగి చూడలేదు.

రేవులో నాన్న గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మోకు పట్టుకుని ఎక్కడికి పోయావురా?"

"గాలిపటం ఎగరేయడానికి నాన్నా."

"ఎగిరిందా?"

"ఒకటి ఎగిరింది. రెండోది ఎగరలేదు."

ఆ పూట ఏలూరు దాకా ఎదురుగాలే. ఛాతీకి పట్టీ తగిలించుకుని గట్టెక్కాను.