సుంకన్న తాత బిగింపు

వదులుగా ఉన్న నట్టు కంటబడితే మా తాత సుంకన్నకు అన్నం సహించదు. బెళుగుప్పలో మా పిండి మిషన్ నలభై ఏళ్లుగా ఆయనే నడుపుతున్నాడు. చేతిలో పానా, చెవి మీద బీడీ. ఆయన మూత బిగించిన ఊరగాయ డబ్బా తెరవాలంటే మా అవ్వ మళ్లీ ఆయన్నే పిలవాలి.

పోయిన నెల మిషన్‌కు కొత్త మోటారు పెట్టాడు. అది తిరిగితే చాలు, నేల అదిరి, గోడ అవతల మారెక్క ఇంట్లో పళ్లేలు గూట్లోంచి దూకసాగాయి. తాత మిషన్ నాలుగు కాళ్ల నట్లూ ఇంకా బిగించాడు. పళ్లేలు ఇంకా పడ్డాయి.

"సుంకన్నా, ఇంకొక్కటి పడనీ, పంచాయతీలో చెప్పి నీ మిషన్ ఎత్తిస్తా!" అంది మారెక్క.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే మా వీధి జోయల్‌ను నేనే పిలుచుకొచ్చాను. అతను ల్యాప్‌టాప్‌లో మిషన్ బొమ్మ గీశాడు.

"తాతా, కాళ్లు నేలకు ఎట్లా అతుక్కోని ఉండాయి?"

"రాయి మాదిరి! నాలుగూ నేనే బిగించినా."

అలాగే లెక్క వేసి, జోయల్ మిషన్‌ను సుత్తితో తట్టి, అదురును ఫోన్‌తో కొలిచాడు. ల్యాప్‌టాప్ ఒకటి చెబితే ఫోన్ ఇంకొకటి చెప్పింది. తొమ్మిదితో చదువు ఆపిన నాకు తర్వాత సంగతి ఇంతే అర్థమైంది: రాయి బదులు కాళ్ల కింద ఒక్కో స్ప్రింగు ఉన్నట్టు అనుకుని, వాటిని మార్చి మార్చి చూశాడు. మూడో కాలి స్ప్రింగు మెత్తబడగానే రెండు లెక్కలూ కలిశాయి.

"తాతా, ఈ కాలు కింద ఏందో మెత్తగా ఉండాది."

తాత చెవి మీది బీడీని జేబులో వెతికాడు. "ఏమప్పా, నీ డబ్బాకు కండ్లు ఉండాయా?" అని గొణుగుతూ నట్టు విప్పాడు. కింద హవాయి చెప్పు ముక్క! అక్కడ నేల పల్లంగా ఉందని గుట్టుగా పెట్టాడట.

"నా చెప్పు యాడికి పోయిందా అని రెండేండ్లుగా వెతుకుతాండా!" అంది అవ్వ.

"అవ్వా, సరిగ్గా ఉండేది ఆ కాలే," అన్నాడు జోయల్. "అదురంతా మిగతా మూడిట్లోంచి నేలకు పోతాంది. వాటికీ రబ్బరు పెడదాం. తాతా, నట్లు మరీ బిగించొద్దు. రబ్బరు అణిగిపోతే మళ్లీ రాయే."

పంచె లేకుండా బజారుకు పొమ్మన్నట్టు చూశాడు తాత. అయినా అవ్వ రెండో చెప్పు కోశాడు.

మర్నాడు మిషన్ తిరిగింది. మారెక్క పళ్లెం పట్టుకుని వచ్చింది. తాత ముఖం పాలిపోయింది. పళ్లెం నిండా కొర్రలు.

"ఇవి ఆడించు. ఒక్కటీ పడలేదులే."

తాత నవ్వుతూనే అలవాటుగా పానా కోసం తడుముకున్నాడు. దొరకలేదు. అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. మూత నేనే బిగించాను.