చిన్నమావయ్య కెమెరాల జబ్బులు

మా చిన్నమావయ్య, అంటే మా మామగారి తమ్ముడు, ఊహ తెలిసినప్పటినుంచీ సరదాకి ఫోటోలు తీస్తున్నారు. ఏ ఫోటో చెడిపోయినా ఆయన లెక్కలో తప్పు మనుషులది కాదు, కెమెరాది. అది కూడా మామూలు తప్పు కాదు, జబ్బు.

ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగిరీ, ప్రాణం మాత్రం కెమెరా. పాతికేళ్ళ క్రితం నేను కోడలిగా వచ్చేసరికి ఆయన దగ్గర పెట్టెలాంటి పాత కెమెరా ఒకటుండేది. దాన్ని మెడలో వేలాడదీసుకుని పైనున్న అద్దంలోకి తొంగి చూడాలి. అందులో కుడి ఎడమగానూ, ఎడమ కుడిగానూ కనపడుతుంది.

"వదినా, కాస్త ఎడమకి జరుగు."

మా అత్తయ్య జరిగేవారు.

"అటు కాదు, ఇటు!"

"ఇటంటే ఎటయ్యా? నాకున్నవి రెండే వైపులు!"

చివరికి ఫోటోలో అత్తయ్య భుజం ఒక్కటే పడేది. "నువ్వు సరిగ్గానే నిలబడ్డావు వదినా, దీనికే మెల్లకన్ను" అనేవారు చిన్నమావయ్య. "ఆడలేక మద్దెల ఓడనడమంటే ఇదే" అని అత్తయ్య వంటింట్లోకి వెళ్ళిపోయేవారు.

ఆయన కొత్తగా కొన్న రెండో కెమెరాతో నా కథ మొదలైంది. అప్పటికి నేను పదిరోజుల కోడల్ని. పుట్టి బుద్ధెరిగి ఫోటోకి ఒప్పుకోని మా మామగారి అమ్మ ఆ రోజు ఏ కళనున్నారో గాని సరేనన్నారు. ఆవిడని మధ్యలో కూర్చోబెట్టి ఇరవైముగ్గురం వరండాలో చేరాం. చిన్నమావయ్య అయిదు ఫోటోలు తీసి, కెమెరాని బల్లమీద పెట్టి భోజనానికి వెళ్ళారు.

మంచి కోడలనిపించుకోవాలని నాకు ఒకటే ఆత్రం. చేతిలో ఎర్రగుడ్డ పట్టుకుని బల్ల తుడిచాను, గడియారం తుడిచాను, కెమెరా తుడిచాను. పైన తుడిచి లోపల వదిలేస్తే ఏం బావుంటుందని దాని వెనక తలుపు తీసి లోపలంతా తళతళలాడేలా తుడిచి పెట్టాను. ఫిల్ముకి వెలుతురు తగిలితే ఫోటోలన్నీ పోతాయని నాకు తెలిస్తే ఒట్టు. మా పుట్టింట్లో కెమెరా లేదు.

రెండు రోజుల తర్వాత కడిగించిన ఫిల్ము వచ్చింది. బొగ్గులా నల్లగా ఉంది.

"వెనక తలుపు ఎవరు తీశారు?" అని మామగారు గర్జించారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇంట్లో ఇక జీవితాంతం నన్ను ఎలా పిలుస్తారో కూడా ఊహించేసుకున్నాను.

చిన్నమావయ్య ఒకసారి అందరి మొహాలూ చూశారు. "ఎవరు తీస్తారన్నయ్యా? దీనికి చర్మరోగం. ఒళ్ళంతా చిల్లులే, వెలుతురు లోపలికి కారుతోంది."

"ఒక్కసారి కూర్చుంటే ఇదా!" అని పెద్దావిడ లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆవిడ ఫోటోకి కూర్చుంటే ఒట్టు. తిట్లన్నీ చిన్నమావయ్యే తిన్నారు. నేను మెల్లిగా వంటింట్లోకి తప్పుకున్నాను.

ఆ తర్వాత కొన్న కెమెరాలు కూడా బతికి బట్టకట్టలేదు. ఒకదాని లెన్సుకి శుక్లం వచ్చి మనుషులందరూ పొగమంచులో నిలబడ్డట్టు పడ్డారు. ఇంకోదానికి పక్షవాతం, బటన్ కదల్లేదు. డిజిటల్ కెమెరాకి మతిమరుపు వచ్చి, విహారయాత్ర ఫోటోలు మొత్తం మర్చిపోయింది. ఆయన ఫోటో తీస్తాననగానే ఇంటిల్లిపాదీ నవ్వడం అలవాటైపోయింది.

పోయిన నెల మా మామగారికి ఎనభయ్యో పుట్టినరోజు చేశాం. మా మరిది స్టూడియో ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. "బాబాయ్ కెమెరాలన్నీ రోగిష్టివి. ఈ ఒక్కరోజూ రిస్కెందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నమావయ్య కూడా నవ్వి, ఈ రోజుకోసమే కొన్న కెమెరాకి మూత పెట్టేసి, చివరి కుర్చీలో కూర్చున్నారు.

ఇక నావల్ల కాలేదు. "మావయ్యగారూ! ఆనాడు మీ అమ్మగారి ఫోటో పాడుచేసింది నేను. తలుపు తీసి తుడిచాను" అనేశాను.

"కాదు కాదు, చర్మరోగం..." అని చిన్నమావయ్య లేచారు.

"మీరుండండి. మీకు అప్పుడే తెలుసు కదూ?"

"తలుపు సందులో ఎర్ర నూలుపోగు దొరికిందిలే" అని నసిగారు. "నయం, నీళ్ళు పోసి కడగలేదు."

అత్తయ్య గొంతు సవరించుకున్నారు. "ఆ శుక్లం నావల్లే. నూనె చేత్తో అద్దం తుడిచాను."

"పక్షవాతం నాది. గట్టిగా నొక్కితే విరిగింది" అన్నారు మా ఆయన.

మరిది నేలచూపులు చూస్తూ, "మతిమరుపు నేనే బాబాయ్. ఏదో నొక్కాను, అన్నీ పోయాయి" అన్నాడు.

మామగారు తమ్ముడి వైపు తిరిగారు. "అన్నీ తెలిసే ఊరుకున్నావా?"

"మనిషిని అంటే రెండ్రోజులు అన్నం మానేస్తారన్నయ్యా. కెమెరాని అంటే దానికేం పోయింది?" అని, మా అందరినీ చూసి విసుక్కున్నారు. "ఇన్నేళ్ళు కాపాడిన గుట్టు, ఒక్క పూటలో రట్టు చేశారు!"

ఆ చర్మరోగం పుణ్యమా అని నేను ఈ ఇంట్లో పాతికేళ్ళు తలెత్తుకు తిరిగాను. ఆయన చేసిన మేలుకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

"బాబూ, నువ్వూ వచ్చి మాతో నిలబడు. మా తమ్ముడు తీస్తాడు" అని మామగారు స్టూడియో ఆయన్ని పిలిచారు.

చిన్నమావయ్య మూత తీశారు. "దోషులంతా ముందు వరసలోకి రండి!"

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. స్టూడియో ఆయన దాన్ని చూసి, "కెమెరా చాలా మంచిదండీ" అన్నాడు.

చిన్నమావయ్యకి కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

"కెమెరాదేముందయ్యా? తీసింది నేను!"