నెరవల్ నెత్తిన నా మొట్టికాయ

సంగీతానికి మొట్టికాయ వేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసేయండి, ఆ మహాతల్లిని నేనే. ఎల్బీ నగర్‌లో ఒక పెద్దమనిషి ఇంట్లో, కూర్చోబెట్టి కాఫీ ఇస్తామన్న పాపానికి, పట్టపగలు చేశానీ ఘనకార్యం. నవ్వితే నవ్వండి కానీ సగంలోనే నవ్వేసి వెళ్ళిపోకండి. మొదటి ఘోరం చూసి ఇదే అసలు ఘోరమనుకుంటారు. దాని వెనకాల ఇంకోటి ఉంది.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేదాన్ని. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు. రోడ్డంతా తవ్వేసి, క్లాసుకు వెళ్ళేసరికి సుద్దముక్క పట్టకముందే ఒళ్ళంతా సుద్దపొడి పూసుకున్నట్టు ఉండేది. మాది గుంటూరు వైపు. కిరాయికి ఒక గది, ఒక సీడీ ప్లేయర్, ఒక పిచ్చి. ఆ పిచ్చి పేరు శాస్త్రీయ సంగీతం సీడీలు.

నా వయసువాళ్ళు చీరల షాపుల చుట్టూ తిరుగుతుంటే నేను సీడీల షాపు చుట్టూ తిరిగేదాన్ని. పోనీ సంగీతం వచ్చా అంటే, నేను 'స' అంటే పక్క గదివాళ్ళు తలుపు వేసుకునేవారు. నా పాండిత్యమంతా సీడీ పెట్టెలో వచ్చే కాగితం మీద చిన్నక్షరాల్లో ఉండేదే. రాగమేమిటి, తాళమేమిటి, మృదంగం ఎవరు, అన్నీ పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టేదాన్ని. పాట వినకముందే దాని గురించి అరగంట మాట్లాడగలిగేదాన్ని. సీడీలు పోగేసేవాళ్ళందరికీ ఈ జబ్బు కొద్దో గొప్పో ఉంటుంది. నాకు ముదిరింది.

ఆ కాగితాల్లో నాకు తెగ నచ్చిన మాట నెరవల్. పాటలో ఒక్క వాక్యం పట్టుకుని, మాటలు మార్చకుండా, సంగీతాన్ని మాత్రం ప్రతిసారీ కొత్తగా అల్లుతూ మళ్ళీ మళ్ళీ పాడతారు. దాన్నే నెరవల్ అంటారు. ఎంత గొప్ప మాట. కనబడిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని. వింటే గుర్తుపట్టగలనా అన్న సంగతి మాత్రం అప్పటికి ఎవరూ అడగలేదు, నాతో సహా.

ఒకరోజు షాపుకు వెళ్ళేసరికి మా సీడీల అరలో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. 

"ఇదేంటండీ, మా వాళ్ళంతా ఏరి?" అన్నాను.

"ఎవ్వలు కొంటలేరు మేడమ్. అందరు ఫోన్లనే వింటున్నరు," అన్నాడు షాపాయన. నా మొహం చూసి జాలిపడినట్టున్నాడు. "జర ఆగున్రి. ఎల్బీ నగర్ల ఒక పెద్దసార్ ఉన్నడు. ఇల్లు మారుతుండంట, చిన్నింట్లకు. బీరువా నిండ సీడీలున్నయంట. ఉత్తగనే ఇస్తడంట."

"ఉత్తినే?"

"ఉత్తగనే. గని ఊకె ఇయ్యడు. కూసోబెట్టి పాట వినిపిస్తడంట. వినే చెవి ఉన్నోళ్ళకే ఇస్తడంట. మొన్న ఒకాయన పాట మధ్యల ఫోనెత్తిండని చాయ్ తాపి పంపించిండు."

బీరువా నిండా సీడీలు. వినే చెవి ఉంటే చాలు. నాకు ఒకటి కాదు, రెండున్నాయి. ఆ సాయంత్రమే గదికి వచ్చి నా బీరువాలో బట్టలన్నీ తీసి మంచం కింద కుక్కేశాను. అరలు తుడిచాను. ఏ అరలో గాత్రం, ఏ అరలో వీణ, ఏ అరలో వేణువు అని చీటీలు కూడా అంటించాను. ఆలు లేదు చూలు లేదు, బీరువాకి మాత్రం బారసాల అయిపోయింది.

అంత సరుకు ఒక్కదాన్నే మోసుకు రాలేనని మా సెంటర్‌లోనే ఫిజిక్స్ చెప్పే స్వరూపను తోడు పిలిచాను. సైదాబాద్‌లో ఇల్లు, నల్లగొండ నుంచి వచ్చిన కుటుంబం. నాకన్నా చిన్నది, బండి ఉంది, మంచి మనసుంది, సంగీతం అసలు రాదు. నాకు కావలసింది సరిగ్గా అలాంటి మనిషే.

కొత్తపేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక సీటు మీంచి పాఠం మొదలుపెట్టాను.

"చూడు స్వరూపా, అక్కడ నువ్వేం మాట్లాడొద్దు. నేను తల ఊపితే నువ్వూ ఊపు. నేను కళ్ళు మూసుకుంటే నువ్వూ మూసుకో."

"నిద్రొస్తదేమో అక్కా."

"వస్తే ఆపుకో. ఇది నా జీవితానికి సంబంధించిన విషయం."

"సరే గని, నాకు నచ్చిందనుకో, నచ్చిందని అనొచ్చా?"

"నచ్చడానికి నీకేం తెలుసని? గాడిదకేం తెలుసు గంధపు వాసన అన్నారు పెద్దలు." స్వరూప హెల్మెట్ లోపల నవ్వుకున్నట్టుంది. ఆ సామెత ఆ రోజు ఏ గాడిద కోసం బయల్దేరిందో నాకప్పుడు తెలియదు.

పెద్దాయన పేరు శేషగిరిరావుగారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నాగోల్‌లో చిన్న ఫ్లాటుకు మారుతున్నారు. హాలంతా అట్టపెట్టెలు. మూలన ఆ బీరువా. తలుపు తీసి చూపించారు. కళ్ళు తిరిగాయండీ. కొత్త సీడీలు, పాత సీడీలు, ఇళ్ళల్లో జరిగిన కచేరీలను ఆయనే రికార్డు చేసి మార్కర్‌తో పేర్లు రాసుకున్న సీడీలు. షాపుల్లో ఎన్నటికీ దొరకనివి. నోట్లో నీళ్ళూరడం అంటారే, నాకు చెవుల్లో ఊరాయి.

"ఇవన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేసి వెళితే నాకు నిశ్చింతమ్మా," అన్నారాయన. "ఇల్లు చిన్నది. ఇవి మూలపడి ఉండటం నేను చూడలేను. వినేవాళ్ళ దగ్గర ఉండాలి. ముందొకటి విందాం, కూర్చోండి."

ఆయన భార్య సుందరమ్మగారు కాఫీ కలుపుతానని వంటింట్లోకి వెళ్ళారు. ఆయన ఒక ఇంటి కచేరీ సీడీని అంచులు పట్టుకుని జాగ్రత్తగా ప్లేయర్‌లో పెట్టి, నా ఎదురుగా కూర్చున్నారు. గాత్రం. మంచి గంభీరమైన గొంతు. నేను వెంటనే కళ్ళు మూసుకుని తొడ మీద తాళం మొదలుపెట్టాను. ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే స్వరూప కూడా మూసుకుంది. మంచి పిల్ల.

పాట సాగుతోంది. 'ఎన్నిమారులు వేడుదునురా' అన్నాడు విద్వాంసుడు. మళ్ళీ 'ఎన్నిమారులు వేడుదునురా' అన్నాడు. ఇంకోసారి అన్నాడు. నా ఒళ్ళు జలదరించింది. మూడోసారికి నాకు వెలిగిపోయింది. నెరవల్! ఇన్నాళ్ళూ కాగితాల్లో చదువుకున్న నెరవల్, ఇదిగో, నా చెవుల్లో.

"ఆహా," అన్నాను.

"అమ్మాయ్, అది..." అంటూ శేషగిరిరావుగారు లేవబోయారు.

"లేవకండి సార్. ఈ చోట కదిలితే మహాపాపం."

ఆయన పాపం మళ్ళీ కూర్చున్నారు. విద్వాంసుడు మళ్ళీ వేడుకున్నాడు. లెక్కల టీచర్ని కదా, వేళ్ళ మీద వేసి చూశాను. సరిగ్గా ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు తిరిగేసరికి, ఒకసారి. ఇసుమంత తేడా లేదు. ఏం లయజ్ఞానం అనుకున్నాను.

"గమనించారా సార్? మొదటిసారి అడిగాడు. తర్వాత బతిమాలాడు. ఇప్పుడు నిలదీస్తున్నాడు. మాట అదే, భావం ఎక్కడికి తీసుకెళ్ళాడో చూడండి."

"అది కాదమ్మా, నే చెప్పేది..."

"మీరేం చెప్పక్కర్లేదు సార్, నాకు అర్థమవుతోంది. అదిగో, ఈసారి 'వేడుదును' దగ్గర సన్నని జీర. విన్నారా?"

స్వరూప నా మోచేతిని గోకింది. "అక్కా, ఒక్కతీరుగనే ఒస్తున్నది గదా."

"వినడం వేరు, ఆలకించడం వేరు," అన్నాను, కళ్ళు తెరవకుండానే. "దీన్ని నెరవల్ అంటారు."

"ఆయనే అడుగుతుండు గదక్కా, ఎన్నిసార్లని."

ఒక్క గిల్లు గిల్లాను. విద్వాంసుడు వేడుకుంటూనే ఉన్నాడు. నా కంటి నుంచి నిజంగా నీళ్ళు కారాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు, అదే నా ఖర్మ. అవతల శేషగిరిరావుగారు కుర్చీ అంచు మీద సగం లేచి సగం కూర్చుని ఉన్నారు. ఆయన కూడా పరవశంలో తేలిపోతున్నారని మురిసిపోయాను.

అప్పుడు సుందరమ్మగారు కాఫీ ట్రే పట్టుకుని వచ్చారు.

"ఏవండీ, ఆ సీడీ మళ్ళీ ఇరుక్కుపోయిందిగా. ఇందాకట్నుంచీ వంటింట్లోంచి వింటున్నాను, లేచి ఒక్కసారి తట్టొచ్చుగా."

అంటూ ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి, ప్లేయర్ నెత్తిన వేళ్ళతో మెల్లిగా తట్టారు. అంతే. పాపం ఆ విద్వాంసుడు చెర వీడినట్టు తర్వాత వాక్యంలోకి వెళ్ళిపోయాడు.

 శేషగిరిరావుగారు నేల చూపులు చూస్తున్నారు. "గీత పడిందమ్మా ఆ సీడీ మీద," అన్నారు చివరికి. "లేద్దామనే అనుకున్నాను. నువ్వు లేవనివ్వలేదు."

ఇక్కడ బుద్ధున్న మనిషైతే నవ్వేసి, కాఫీ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది. నేను రోట్లో తల పెట్టినదాన్ని, రోకలి కూడా నా చేతికే ఇవ్వమన్నాను.

"నాకు తెలుసు సార్. మీకు తెలుసో లేదో చూద్దామని..."

"ఊకో అక్కా," అంది స్వరూప, నాకు మాత్రమే వినబడేలా.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అయినా ఆశ చావలేదు. బీరువా కళ్ళముందే ఉంది. శేషగిరిరావుగారు సహృదయులు, ఆ సీడీ తీసి వేరేది పెట్టి, ఇంకో పాట విందామన్నారు. ఈసారి మాత్రం మోసపోకూడదని నిశ్చయించుకున్నాను. కళ్ళు మూయలేదు సరికదా, రెప్ప కూడా వేయలేదు. దొంగకు కాపలా ఉన్నట్టు ప్లేయర్‌నే చూస్తూ కూర్చున్నాను. ఇరుక్కుందంటే అందరికన్నా ముందు పట్టుకునేది నేనే కావాలి. చెవి ఉందని నిరూపించుకోవడానికి నాకిక మిగిలిన దారి అదొక్కటే.

రెండో పాట నడుస్తోంది. విద్వాంసుడు ఒక వాక్యం పాడాడు. మళ్ళీ అదే వాక్యం అందుకున్నాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. శేషగిరిరావుగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. ఆయన గమనించలేదు, పెద్దవారు. మూడోసారి కూడా అదే వాక్యం వచ్చింది. ఇంక ఆగలేదు నేను.

"ఇరుక్కుంది!"

ఒక్క దూకు దూకి ప్లేయర్ నెత్తిన వేశాను. సుందరమ్మగారిలా వేళ్ళతో కాదు. క్లాసులో అల్లరి ఆపడానికి డస్టర్‌తో బల్ల మీద కొడతాను చూడండి, అలా. ప్లేయర్ కీచుమంది. విద్వాంసుడి గొంతు తెగిపోయింది. ముందున్న చిన్న అద్దంలో 'నో డిస్క్' అని ఇంగ్లీషులో పడింది. డిస్క్ లోపలే ఉంది. దెబ్బకు దానికీ మతిపోయింది.

శేషగిరిరావుగారు కళ్ళు తెరిచారు. చాలా నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, అది నెరవల్."

గంధమని గోడ సున్నం రాసుకున్నాను, సున్నమని గంధాన్ని కడిగేశాను. గాడిద ఎవరో మీకు వేరే చెప్పాలా?

సుందరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తారు. లోపల గిన్నె ఏదో కిందపడింది, నవ్వు ఆపుకోలేక పడేసినట్టున్నారు. నాకు ఈసారి ఏడుపే వచ్చింది. అంత కావాలనుకున్న బీరువా, నా చేత్తోనే మూసేసుకున్నాను.

"నీకేమనిపించిందమ్మా?" అని స్వరూపను అడిగారాయన.

"నాకేం తెల్వది సార్. మొదటిది ఒక్కతీరుగ ఒస్తుంటె ఆయన ఏడనో ఇరుక్కున్నడనిపించింది. ఈ రెండోది మాట అదే గని ఒక్కోసారి ఒక్కో తీరుగ తిప్పిండు. మస్తనిపించింది. ఇంక ఎట్ల తిప్పుతడో చూద్దామనుకున్న, ఇంతల అక్క కొట్టింది."

శేషగిరిరావుగారు ఫక్కున నవ్వారు. ఇంక అక్కడ ఫలితాలు ప్రకటించాల్సిన అవసరం లేదు. అట్టపెట్టెల్లో సీడీలు సర్దడం మొదలైంది, సైదాబాద్‌కు. నేనే సర్దాను. మోయడానికి తోడు తెచ్చుకున్న మనిషికి నేనే మోశాను.

గుమ్మం దగ్గర ఆయన స్వరూపకు ఒకటే షరతు పెట్టారు. "ఈ అక్కను వినడానికి రానివ్వమ్మా, ఇష్టం ఉన్న మనిషి. ప్లేయర్ దగ్గరికి మాత్రం రానివ్వకు." తర్వాత నా చేతిలో ఒక సీడీ పెట్టారు. గీత పడిన ఆ మొదటి సీడీయే. "దీనికి నకలు నా దగ్గరుంది. ఇది నువ్వు ఉంచుకో. దీన్ని నీ అంత ప్రేమగా విన్నవాళ్ళు లేరు."

అరలన్నిటికీ చీటీలు అంటించిన నా బీరువాలో ఆ ఒక్క సీడీ గాత్రం అరలో కూర్చుంది. మిగతా అరల్లోకి మంచం కింద నుంచి నా బట్టలే తిరిగొచ్చాయి. చాలాకాలం నా చీరలు వీణ అరలోనూ లంగాలు వేణువు అరలోనూ ఉండేవి.

ఆదివారం ఆదివారం సైదాబాద్ వెళ్ళి ప్లేయర్‌కు బహుదూరంగా, గుమ్మం పక్కన కూర్చుని విన్నాను. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు చెవి కొంచెం వచ్చింది. అందుకే ఆ గీత పడిన సీడీ మీద చెయ్యి వేసి, సమస్త రాగాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ విద్వాంసుడు ఏ వాక్యాన్ని ఎన్నిమారులు పాడినా సరే, అది కళ అయినా గీత అయినా, నా నోరు మూసే ఉంటుంది, నా చేతులు నా ఒళ్ళోనే ఉంటాయి.

మొన్న నేనూ స్వరూపా చంపాపేట్‌లో ఒక కచేరీకి వెళ్ళాం. సీడీ కాదు, మనిషే వచ్చి పాడిన కచేరీ. ముందు వరుసలో చోటు దొరికింది. గాయని ఒక వాక్యం పట్టుకుని మళ్ళీ మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా చెవులు చేసుకుని కొంచెం ముందుకు వంగానో లేదో, స్వరూప నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఎందుకే?" అన్నాను.

"ఏం లేదక్కా," అంది, వేదిక మీంచి చూపు తిప్పకుండా. "ఆమె నెత్తి మంచిగుండాలె గదా."