అయిదుగురిని లాగలేని మోటారు

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరి ఇంట్లోనైనా ఒక డిప్లొమా కుర్రాడు ఉంటే, వాడికి తెలియని యంత్రం ఉండదని చుట్టుపక్కల నాలుగు వీధులు నమ్మేవి. వాడు చదివింది లోహాల గురించే కావచ్చు, చేసే పని ఇనుప ముక్కలను అరగదీసి భూతద్దంలో చూడడమే కావచ్చు. అయినా కుట్టు మిషను దారం తెంపుతున్నా, రేడియో గరగరలాడినా, పక్కింటి కుక్కరు కూత వెయ్యకపోయినా కబురు వాడికే వచ్చేది. మా పేట భాలుబాసాలో ఆ కుర్రాణ్ణి నేను. ఇరవై రెండేళ్లు. నాకు తెలియదు అని చెప్పడం ఆ వయసులో నాకు చేతకాలేదు. (ఇప్పుడు చేతనవును. కాని ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరు.)

మా అమ్మకు అన్న వరస ఒకాయన ఉక్కు కార్ఖానాలో ముప్పై ఏళ్లకు పైగా క్రేను నడిపాడు. అందరూ ఆయన్ని క్రేను మావయ్య అనేవారు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లెలో పుట్టి, ఇరవయ్యో ఏట ఇక్కడికి వచ్చి, ఆ తరవాత జీవితమంతా నేలకు నలభై అడుగుల ఎత్తున ఒక రేకు గదిలో కూర్చుని, కరిగిన ఉక్కును ఇటునుంచి అటు చేరవేశాడు. సాయంత్రం టీ తాగేటప్పుడు మాత్రం తప్పకుండా ఒక మాట అనేవాడు: “రిటైరైన మర్నాడు టికెట్టు కొనీసి ఎల్లిపోతాను. ఈ పొగలో సత్తానేటి? నా సముద్రం నాకుంది.” నేను పుట్టకముందు నుంచీ ఈ మాట అంటున్నాడని అమ్మ చెప్పేది. ఎదురుగా ఎవరున్నా అనేవాడు. పాలవాడితో అన్నాడు, ఫోర్‌మన్‌తో హిందీలో అన్నాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి సీతారాండేరాలో కొడుకు ఇంటి పక్కన రెండు గదులు తీసుకున్నప్పుడు కూడా, “రెండు నెల్లకే గదా” అని ఇంటివాళ్లతో అన్నాడు.

ఆ రెండు నెలల్లోనే పల్లె నుంచి ఆయన తమ్ముడి ఉత్తరం వచ్చింది. పడవ సిద్ధంగా ఉంది, నీకు భుజం నొప్పని తెలుసు, తెడ్డు వెయ్యనక్కర్లేదు, పడవకు తగిలించే మోటారు ఒకటి అక్కడెక్కడైనా పాతది దొరికితే తెచ్చుకో, నిన్ను కూర్చోబెట్టి సముద్రం మీదికి తీసుకెళ్తాను అని. అంటే మావయ్యకూ సముద్రానికీ మధ్య మిగిలింది ఒక్క మోటారు. అత్త గిన్నెలు బస్తాలో సర్దడం మొదలుపెట్టింది. “నాకు సముద్రం సూత్తేనే కడుపులో తిప్పుద్ది. అయినా ముప్పై ఏళ్లనుంచీ అంటన్నాడు గదా, ఎల్లాల,” అని సర్ది, మధ్యలో ఆపి, అన్నం వండడానికి మళ్లీ అందులోంచే గిన్నె తీసేది.

మావయ్య అల్లుడు కార్ఖానాలో సరుకు పెట్టెలు లాగే చిన్న రైలింజను నడిపేవాడు. నాకు బావ వరస కనుక లోకో బావ అనేవాణ్ణి. మోటారు సంగతి తెచ్చింది అతనే. ఆదిత్యపూర్‌లో పాత ఇనుము కొనే ఒక సేఠ్ దగ్గర చేపల పడవ ఒకటి మోటారుతో సహా పడి ఉందట. ఎక్కడో డ్యాములో చేపలు పట్టించిన కాంట్రాక్టరు వదిలించుకున్నదట. ఒక ఆదివారం పొద్దున్న మావయ్య మా ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, “అల్లుడూ, నువ్వు రావాల. సాలుద్దో సాలదో నువ్వే సెప్పాల. నీ మాటే మాట” అన్నాడు. నేను అంతకుముందు పడవ మోటారును చూడలేదు. పడవనే రెండుసార్లు చూశాను. నోటు పుస్తకం, పెన్సిలు తీసుకుని మావయ్య, లోకో బావ, మావయ్యతో పనిచేసిన మరో ముగ్గురితో కలిసి బయలుదేరాను.

మోటారు నిలువుగా, పొడుగ్గా, పైన ఇంజను, అడుగున నీళ్లలో తిరిగే మూడు రెక్కలతో ఉంది. పెట్రోలుతో స్టార్టు చేసి తరవాత కిరసనాయిలు మీద నడపాలట. ఎంత శక్తిగలదో చెప్పే పలక ఉండవలసిన చోట నాలుగు రివెట్ల కన్నాలు మాత్రం ఉన్నాయి. సేఠ్ ఏడు హార్స్‌పవర్ అన్నాడు. వెనక నిలబడ్డ పనివాడు అదే సమయానికి ఎనిమిది వేళ్లు చూపించి, సేఠ్ మాట విని ఒక వేలు ముడిచాడు. నేను మోటారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలి కణుపుతో కొట్టి చప్పుడు విన్నాను. ఒక స్క్రూ వదులుగా అనిపించి బిగించబోతే అది చేతిలోకి వచ్చింది. ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాను. (అది లేకపోయినా మోటారు బాగానే తిరిగింది. ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.)

ఆ తరవాత పడవ బరువు, వేగం అని నోటు పుస్తకంలో రాసి, మధ్యలో గుణకారం గుర్తు వేసి ఆగిపోయాను. నీళ్లు పడవను ఎంత అడ్డుకుంటాయో లెక్కలోకి రావాలి. అది నేను చదివిన పుస్తకాల్లో లేదు. నా పెన్సిలు ఆగడం చూసి మావయ్యే ఆదుకున్నాడు. “ఇందులో ఏటుంది అల్లుడూ? క్రేనుకి ఏటి సేత్తాం? మోసీ బరువుకన్నా పావొంతు ఎక్కువ కట్టి లేపుతాం. లేపితే పాసు, నేప్పోతే ఫెయిలు. దీనికీ అదే. పడవ ఎనక తాడు కట్టి ఐదుగురం ఒడ్డుమీద పట్టుకుంతాం. మమ్మల్ని ఈడ్సుకుపోతే పాసు.” నాకు ప్రాణం లేచివచ్చింది. కార్ఖానాలో రోజూ జరిగే పరీక్ష. దాన్ని కాదనడానికి కారణమేదీ కనిపించలేదు. పరీక్ష పకడ్బందీగా ఉండాలని నేనొక మెరుగు కూడా చేర్చాను: అయిదుగురినీ సేఠ్ కాటా మీద ఒక్కొక్కరిగా నిలబెట్టి తూచి, మొత్తం వేసి, కింద రెండు గీతలు గీశాను. లోకో బావను చెప్పులు విప్పి మళ్లీ తూచాను.

“అరే భాయ్, నావ్ కా ఇంజన్ హై, బైల్ నహీ!” అన్నాడు సేఠ్. ఇది పడవ ఇంజను, ఎద్దు కాదు అని. అక్కడున్నవాళ్లలో తెలివిగా మాట్లాడినవాడు ఆయనొక్కడే. అమ్ముకునేవాడు కనుక ఎవరమూ పట్టించుకోలేదు.

వానలు వెలిసిన రోజులు. ఖర్కాయి ఏట్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. పడవను రిక్షా బండి మీద ఏటికి తెచ్చి, మోటారు బిగించి, పనివాణ్ణి అందులో కూర్చోబెట్టారు. తాడు ఒక కొస పడవ వెనక కట్టారు. రెండో కొస ఒడ్డున అయిదుగురు పట్టుకున్నారు. అందరికంటే ముందు, నీళ్లకు దగ్గరగా లోకో బావ. తరవాత మావయ్యతో పనిచేసిన ఆ ముగ్గురు. చివర, తాడు నడుముకు ఒక చుట్టు చుట్టుకుని, మావయ్య. నేను పక్కన గట్టు మీద గడియారం, పుస్తకం పట్టుకుని నిలబడ్డాను.

పనివాడు మూడుసార్లు స్టార్టరు తాడు లాగితే మోటారు అందుకుంది. నల్లటి పొగ, చెవులు చిల్లులు పడే చప్పుడు, పడవ వెనక తెల్లటి నురగ. తాడు బిగిసింది. అయిదుగురూ రెండడుగులు జారారు. లోకో బావ మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయి, ఒక చేత్తో లుంగీ పట్టుకుని కేక వేశాడు: “ఈడ్సేత్తంది మావా! పాసు! పాసైపోయింది! ఒగ్గీండి!”

“ఒగ్గకండ్రా!” అని మావయ్య వెనకనుంచి అరిచాడు. “గట్టిగా పట్టండి! సరీగా సూడాల గదా!” ఇసకలో పాతుకున్న ఒక రాయి చూసుకుని రెండు మడమలూ దానికి తన్నిపెట్టి వెనక్కి వాలాడు. మెడ నరాలు తేలాయి. జారడం ఆగిపోయింది. మోటారు గోల పెడుతోంది, పడవ ఉన్నచోటే ఉంది. రెండు నిమిషాలని రాసుకున్నాను. అప్పుడు మావయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తరవాత ఇంకొకటి. ఇంజను పూర్తి జోరులో ముందుకు తోస్తూ ఉండగానే పడవ మెల్లగా వెనక్కి వచ్చి ఒడ్డుకు తగిలింది. అందులోని పనివాడు పోలీసులు పట్టుకొచ్చిన మనిషిలా దిగులుగా కూర్చున్నాడు.

“ఏటి మావా, నువ్వెవరి పక్క?” అన్నాడు లోకో బావ, లుంగీ పిండుకుంటూ. “ఏడు గుర్రాలంట! రిటైరైపోనోణ్ణి ఈడ్సనేకపోనాయి!” అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. ఊపిరి తీసుకుంటూ నా దగ్గరకు వచ్చి, “ఏటి రాసేవు?” అన్నాడు.

పడవ, వల, చేపలు, నలుగురు మనుషులు కలిస్తే ఈ అయిదుగురి బరువుకు ఎన్నో రెట్లు. ఈ అయిదుగురినే లాగలేనిది దాన్ని ఎలా లాగుతుంది? గట్టి నేల మీద కాలు తన్నిపెట్టిన మనిషికీ, నీళ్ల మీద తేలే పడవకూ తేడా ఉండవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. “పవరు చాలదు మావయ్యా” అన్నాను. ముప్పై ఏళ్ల కోరిక నా నోటి మాటతో పోతోందని నాకు తెలుసు. ఓదార్చడానికి రెండు మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఏటి వైపు చూసి, “నువ్వు సెప్పీసేక మరేటుంది” అన్నాడు. “కాయితం మీద రాసి సంతకం పెట్టు. కింద డిప్లొమా అని కూడా రాయి.” రాశాను. అది నా మొదటి సాంకేతిక నివేదిక. దాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, తడి తాడు చుట్ట చుట్టి, నొప్పి ఉందన్న భుజం మీదే వేసుకుని బస్సు దాకా నడిచాడు.

అత్త “అయ్యో, సాల్నేదా” అంది. సాయంత్రానికి గిన్నెలన్నీ బస్తాలోంచి గూట్లోకి చేరాయి. ఆ రాత్రి సాక్చీ బజారు చేపతో పులుసు పెట్టిందని లోకో బావ చెప్పాడు. మావయ్య ఆ తరవాత పదహారేళ్లు సీతారాండేరాలోనే ఉన్నాడు. సాయంత్రం టీ దగ్గర మాట కొంచెం మారింది: “మోటారు సాల్నేదు. ఇంజనీరు రాసిచ్చేడు. నేప్పోతే ఈపాటికి సముద్రం మీదుందును.” మధ్యలో ఎవరైనా ఇంకో మోటారు సంగతి చెబితే, “మా అల్లుడు సూడకుండా కొననేం. ఆడికి తీరిక నేదు” అనేవాడు. చూడమని నన్ను మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆయన సముద్రాన్ని నేను లాగేసుకున్నానని బాధపడి, చాలాకాలం ఆ వీధిలోంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఎదురుపడితే మాత్రం ఆయన నన్ను బలవంతంగా ఇంటికి తీసుకెళ్లి చేప ముక్కల్లో పెద్దది నా కంచంలో వేయించేవాడు. అది ఆయన మంచితనం అనుకున్నాను.

మావయ్య పోయినప్పుడు పల్లె నుంచి తమ్ముడు వచ్చాడు. నల్లగా, ఎండిన చేప లాంటి మనిషి. పదో రోజు భోజనాలయ్యాక మెట్ల మీద నా పక్కన కూర్చుని, “నువ్వేనా అల్లుడూ ఆ ఇంజనీరువి? ఐదుగుర్ని ఈడ్సనేదని మా అన్న ఉత్తరం రాసేడు,” అన్నాడు. అవునన్నాను. “పడవ నీళ్లల్లో ఉంటే నానొక్కణ్ణే సేత్తో తోసీగల్ను. సముద్రంలో ఐదుగురు మడుసుల్ని ఈడ్సీ పనేటుంది అల్లుడూ?”

ఆ ఆదివారం ఏటి ఒడ్డున రాతికి తన్నిపెట్టిన రెండు మడమలు కనిపించాయి. అంతసేపు కళ్లెదుట ఉన్నవే. వాటిని నేను అప్పుడు నిమిషాల్లో కొలిచాను.

“మరి సాలదంటే మా అన్న ఏటన్నాడు?” అని అడిగాడు.

“చాలా బాధపడ్డాడు చినమావయ్యా” అన్నాను.

“పడే ఉంటాడు” అన్నాడు ఆయన. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు.

గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడికి మోటార్లు తెలియవు, నీళ్లు తెలియవు, పక్కనున్న మనిషి అసలే తెలియదు. మావయ్య ఆ ఊళ్లో అంతమంది ఇంజనీర్లుండగా వాణ్ణే ఎంచుకున్నాడు. ఇంకొంచెం తెలిసినవాణ్ణి తీసుకెళ్లి ఉంటే, పాపం, ఆయన నిజంగానే సముద్రానికి వెళ్లవలసి వచ్చేది.