బావ బండి ఆగకుండా వెళ్ళిన ఫోటో

మా అక్క మొగుడు, అంటే మా బావ, జీవితమంతా నర్సీపట్నం నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి జనాన్ని చేరవేసే సర్వీసు కారు నడిపాడు. ఎడమ మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకోవాలనీ, ఆ తర్వాత క్లచ్ తొక్కే పని పెట్టుకోకూడదనీ డాక్టరు చెప్పేశాడు. సోమవారం వచ్చి చేరమన్నారు. ఆ మాట ఎత్తితే చాలు, బావ లేచి బండి తుడవడానికి వెళ్ళిపోయేవాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన మాత్రం బండి తుడుస్తూనే ఉన్నాడు.

ఆదివారం పొద్దున్న తనే నా ఫోటో స్టూడియోకి వచ్చాడు.

"గుంటా, ఒక ఫోటో తియ్యాల." నేనింకా చిన్నపిల్లనైనట్టు ఇప్పటికీ అలాగే పిలుస్తాడు.

"కూకో బావా, తీస్తాను."

"ఇక్కడ కాదే. ఇంట్లో ఏ ఫోటో సూడు, బండి ఆగే ఉన్నాది. పక్కన నాను కాపలా కాసినోడిలా నిలబడ్డాను. నడిపినట్టు ఒక్కటీ లేదు. బండి పరిగెడతన్నప్పుడు తియ్యి."

"తీస్తే ఆసుపత్రికి వస్తావా?"

"ముందు తియ్యవే. తరవాత సూద్దాం."

మాకవరపాలెం రోడ్డులో చెరకు తోటల మధ్య తిన్నగా ఉన్న చోటు చూసుకున్నాం. డ్రైవరు సీటు కుడివైపు కాబట్టి, బావ ముఖం కనబడేలా రోడ్డుకి అవతలి పక్క నిలబడ్డాను. మొదటిసారి పెళ్ళి ఫోటోల అలవాటుకొద్దీ షట్టర్ వేగం ఎక్కువ పెట్టి నొక్కాను. ఫోటో అద్దంలా వచ్చింది. బావ చూసి పెదవి విరిచాడు.

"ఇదీ ఆగున్నట్టే ఉన్నాది కదే!"

నిజమే. చక్రాలు కూడా కదలనట్టే ఉన్నాయి. ఇక షట్టర్ నెమ్మది చేశాను. ఇలాంటి ఫోటోకి కెమెరా బండితోపాటే తిరగాలి. పాదాలు కదపకుండా నడుము మీద తిరుగుతూ, ఆ మనిషి ముఖాన్ని ఫ్రేములోంచి వదలకుండా వెంబడించాలి. తిరుగుతూనే బటన్ నొక్కాలి, నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. అప్పుడు ముఖం తేటగా నిలుస్తుంది, వెనక ఉన్న చెరకంతా గీతలైపోతుంది. దానికి బండి ఒకే వేగంతో దాటిపోవాలి, అంతే.

ఆ ఒక్కటే మా బావ వల్ల కాలేదు! అంత దూరం నుంచి దూసుకొచ్చేవాడు, నా దగ్గరికి రాగానే బ్రేకు. మళ్ళీ వెళ్ళేవాడు, మళ్ళీ బ్రేకు. ఒకసారైతే పూర్తిగా ఆపేసి, అలవాటుగా వెనక తలుపు గడియ కూడా తీశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేటైనా పిచ్చా బావా? నానేటి, నీ పాసింజర్నా?"

"ఏటి సెయ్యనే? రోడ్డు పక్కన మనిషి నిలబడితే దాటెళ్ళడానికి కాలు రాదు. ఎండలో వదిలేసి పోతన్నట్టుంటాది."

"ఓహో! బండి నిండితే మాత్రం ఊరంతా సెయ్యెత్తినా ఆగవు కదా! ఖాళీ లేదని సెయ్యి తిప్పేసి ఎల్లిపోతావు కదా!"

కోపంలో అన్న మాటే గానీ, అన్నాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బావ ఫక్కున నవ్వాడు. నర్సీపట్నం వైపు కాస్త దూరంలో బస్సు కోసం చూస్తున్నవాళ్ళ దగ్గరికి బండి తిప్పి పోనిచ్చి, "మాకవరపాలెం, మాకవరపాలెం! ఈ రోజు డబ్బులొద్దు, బేగి ఎక్కండి!" అని కేకేశాడు. సంచులూ, కోళ్ళూ, మనుషులూ, బండి నిండిపోయింది.

ఇక ఉన్నది ఒక్క అవకాశం. జనాన్ని ఎక్కించుకుని అటూ ఇటూ తిప్పలేం కదా. పెళ్ళిలో తాళి కట్టే ఫోటో తీసేటప్పుడు కూడా నేను అంత భయపడలేదు. బండి కదిలింది. ఫ్రేములో ఆయన ముఖం పట్టుకుని తిరిగాను, నొక్కాను, ఇంకా తిరిగాను. హారన్ మోగిస్తూ నన్ను దాటి వెళ్ళిపోయాడు. ఈసారి బ్రేకు పడలేదు.

ఫోటో ఎలా వచ్చిందో చూసే ధైర్యం లేక, ఆయన తిరిగొచ్చేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాను. వచ్చాక కిటికీలోంచి కెమెరా అందించాను, ఇద్దరం ఒకేసారి చూశాం. చెరకు తోట పచ్చటి గీతలైపోయింది. మధ్యలో బావ ముఖం, కనుబొమ్మతో సహా, తేటగా ఉంది. నవ్వుతున్నాడు. కిటికీ బయట ఒక చెయ్యి చెదిరిపోయి కనిపిస్తోంది. ఖాళీ లేదని నాకు చెయ్యి తిప్పుతూ వెళ్ళాడు, దొంగ మొహం.

చాలాసేపు చూశాడు. కెమెరా నాకిచ్చేసి, ఇంజను ఆపాడు.

"సోమారం ఎన్ని గంటలకి రమ్మన్నారే?"

ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అది కనబడకుండా గట్టిగా కసిరాను.

"తెల్లారే. ఆలీసం సేశావో, ఊరుకోను!"